కుక్కలు, పిల్లుల వైద్యమే వృత్తిగా ఎంచుకోవచ్చా? అనుభవం ఉన్నవారి అభిప్రాయాలు కావాలి

శిక్షార్థి_గన్నవరం:

అందరికీ నమస్కారం. నేను గన్నవరం పశువైద్య కళాశాలలో నాలుగో సంవత్సరం విద్యార్థిని. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల కోర్సు కాబట్టి, తరువాతి దారి గురించి ఇప్పటినుంచే ఆలోచించుకోవలసి వస్తున్నది. మా తరగతిలో చాలామంది వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ పోస్టులకు నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందా అని చూస్తున్నారు. నాకు పెంపుడు జంతువుల వైద్యం మీద ఆసక్తి ఉన్నది గాని, ఇంట్లో "ఇంత చదివి కుక్కల డాక్టరువి అవుతావా" అంటున్నారు. సంపాదన సంగతి సీనియర్లను అడిగి కొంత తెలుసుకున్నాను. ఇక్కడ అడగదలచుకున్నది వేరు. రోజు నిజంగా ఏ పనితో గడుస్తుంది? పదిహేనేళ్లు అదే పని చేసిన తరువాత కూడా అందులో ఆసక్తి మిగులుతుందా? దయచేసి మొహమాటం లేకుండా చెప్పండి.

సైనిక్‌పురి_క్లినిక్:

రోజు సంగతి చెప్పడం కష్టం, ఏడాది సంగతి చెప్పడం తేలిక. సంక్రాంతి వారంలో మాంజా దారం చుట్టుకుని రెక్కలు కోసుకుపోయిన పావురాలు, గద్దలు వస్తాయి. వాటిని తెచ్చేది దారిన పోతూ చూసి జాలిపడినవారే కాబట్టి వారిని ఫీజు అడగలేం. ఏప్రిల్, మే నెలల్లో వడదెబ్బ కేసులు. చప్పిడి ముక్కు పగ్‌లు, హైదరాబాదు ఎండకు ఏ మాత్రం తగని హస్కీలు ఒంటి వేడి 41 డిగ్రీలు దాటిన స్థితిలో వస్తాయి. ఫోను చేసినవారికి ముందు నీళ్లు పోసి, ఫ్యాను గాలి తగిలేలా ఉంచి చల్లబరచండి, ఆ తరువాతే బయలుదేరండి అని చెబుతాం. ట్రాఫిక్‌లో చిక్కుకున్న ముప్పావుగంటలోనే పరిస్థితి చేయి దాటిపోవచ్చు. వానలు మొదలైతే చర్మవ్యాధులు, గోమార్లు. దీపావళికి టపాసుల మోతకు బెదిరి ఇల్లు వదిలి పారిపోయి, ఏ బండి కిందనో పడి కాళ్లు విరిగిన కుక్కలు.

వీటన్నిటి మధ్య ఏడాది పొడుగునా వచ్చేది పార్వో అనే వైరస్ జబ్బు. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకాల నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మకూడదు. అయినా నెల నిండీ నిండని పిల్లలు, 'అన్ని టీకాలూ వేశాం' అని రాసిన కార్డుతో సహా మా బల్ల మీదికి వస్తూనే ఉన్నాయి. తల్లిపాల నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) శరీరంలో ఉన్నంతకాలం అవి టీకానే అడ్డుకుంటాయి. ఆ రక్షణ ఏ పిల్లలో ఏ వారం తగ్గుతుందో చెప్పలేం కాబట్టే పదహారు వారాల వయసు వచ్చేదాకా కొన్ని వారాలకొకసారి మళ్లీ మళ్లీ వేస్తాం. ఈ సంగతిని రోజూ ఎవరో ఒకరికి మొదటినుంచి వివరించవలసి ఉంటుంది. వినేవారికి అది కొత్త. చెప్పే మనకు ఎన్నోసారో గుర్తు కూడా ఉండదు. నీవు అడిగిన 'నిజమైన పని'లో సగం ఇదే, తమ్ముడూ.

గోమార్ల వల్ల వచ్చే ఎర్లీకియా జ్వరాన్నే చూడు. ప్లేట్‌లెట్లు పడిపోయి ముక్కునుంచి రక్తం కారుతున్న కుక్కకు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెడితే రెండు మూడు రోజుల్లో లేచి అన్నం తింటుంది. మందు 28 రోజులు వాడాలి. ఐదో రోజుకే బాగైపోయిందనుకుని మాత్రలు ఆపేసే యజమానిని ఆపడానికి ఔషధశాస్త్రం ఎంత వచ్చినా చాలదు.

బ్రూనో_ఇంటివారు:

నేను వైద్యుడిని కాను, ఒక లాబ్రడార్‌ను పెంచుకుంటున్నవాడిని. డాక్టర్లందరూ ఉన్నారు కాబట్టి నా సందేహం కూడా అడుగుతున్నాను, తప్పుగా అనుకోకండి. గత వేసవిలో మా బ్రూనో రెండు రోజులు వాంతులు చేసుకుంటే ఒక క్లినిక్‌కు తీసుకువెళ్లాం. రక్తపరీక్ష, ఎక్స్‌రే, ఆ పైన స్కానింగు చేసి చివరికి కడుపులో పూత అని మందులిచ్చారు. ఆ బిల్లు మా నాన్నగారి షుగరు, గుండె పరీక్షలన్నిటికీ కలిపి అయినదాని కంటే ఎక్కువ. ఇన్ని పరీక్షలు నిజంగా అవసరమా? మా ఊళ్లో పాత పశువుల డాక్టరు గారు చెయ్యి వేసి చూసి మందు ఇచ్చేవారు.

రక్తపుచుక్క_తిరుపతి:

బ్రూనో ఇంటివారి ప్రశ్న న్యాయమైనదే. ఉద్యోగ విరమణ చేసిన అధ్యాపకుడిగా సమాధానం చెప్పే ప్రయత్నం చేస్తాను.

వేసవిలో వాంతులతో వచ్చిన లాబ్రడార్ పేగులో మామిడి టెంక అడ్డుపడిందేమో అన్న అనుమానం రాకపోతే ఆ వైద్యుడు సరిగా ఆలోచించనట్టే. టెంక ఎక్స్‌రేలో రాయిలాగానో ఎముకలాగానో స్పష్టంగా కనబడదు. అందుకే స్కానింగు అడుగుతారు. ఒకవేళ అది ఉండి, కడుపులో పూతే అనుకుని మందులతో నాలుగు రోజులు గడిపితే పేగు కుళ్లిపోతుంది. మీకు 'ఏమీ లేదు' అని తేలిన స్కానింగు వృథా కాలేదని నా అభిప్రాయం. మీ నాన్నగారు నొప్పి ఎక్కడో, ఏం తిన్నారో తామే చెప్పగలరు కాబట్టి వారికి కొన్ని పరీక్షలు తగ్గుతాయి. పైగా మనుషులకు ఆరోగ్యశ్రీ, బీమా వంటివి ఉన్నాయి. కుక్కకు అయ్యే ఖర్చంతా మన దేశంలో దాదాపుగా యజమాని జేబునుంచే రావాలి. అందుకే అది అంత పెద్దదిగా కనిపిస్తుంది.

అయితే మరో వైపు కూడా చెప్పాలి. ఈ తరం వైద్యులు యంత్రం ఇచ్చే కాగితాన్ని అవసరానికి మించి నమ్ముతున్నారు. ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుంటే, ముఖ్యంగా పిల్లుల్లో, యంత్రం వాటిని సరిగా లెక్కపెట్టలేక తక్కువ అంకె చూపుతుంది. ఒక్క రక్తపుచుక్కను గాజుపలక మీద పలుచగా పరిచి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద పెడితే ఆ గుంపులు కంటికి కనిపిస్తాయి. దీనికి అయ్యే ఖర్చు స్వల్పం, పట్టే సమయం పదిహేను నిమిషాలు. అదే పలక మీద అదృష్టం బాగుంటే తెల్లకణంలో కూర్చున్న ఎర్లీకియా గుత్తి, ఎర్రకణంలో జంటగా చేరిన బబీసియా అనే పరాన్నజీవి కూడా దొరుకుతాయి.

శిక్షార్థీ, ఆసక్తి మిగులుతుందా అని అడిగావు కదా. నాకు మిగిలింది ఈ గాజుపలకల వల్లనే. వీధికుక్కల జననాంగాల మీద కాలీఫ్లవర్ ముక్కలా పెరిగి రక్తం కారే కంతిని నీవు తప్పక చూసి ఉంటావు. ఆ కంతి వైరస్ వల్ల వచ్చేది కాదు. వేల ఏళ్ల కిందట ఎక్కడో ఒక కుక్కలో పుట్టిన క్యాన్సర్ కణాలే జత కట్టినప్పుడల్లా ఒక ఒంటినుంచి మరొక ఒంటిలోకి మారుతూ నేటికీ బతికి ఉన్నాయి. ఆ మొదటి కుక్క ఎప్పుడో పోయింది గాని దాని కణాలు మన వీధిలో తిరుగుతున్నాయి. కంతిని పలక మీద అద్ది చూస్తే గుండ్రని కణాలు, వాటి లోపల వరుసగా చిన్న బుడగలు కనబడతాయి. వారానికొకసారి విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు ఇస్తే చాలా కుక్కల్లో కొన్ని వారాలకే పూర్తిగా కరిగిపోతుంది. క్యాన్సర్‌ను ఇంత సులువుగా నయం చేసే అవకాశం మనుషుల డాక్టర్లకు ఎంత అరుదో వారినే అడిగి చూడు.

మార్జాల_వైద్యురాలు_విశాఖ:

గురువు గారికి నమస్కారం. పిల్లుల గురించి ఎవరూ ప్రత్యేకంగా రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

పిల్లి చిన్న కుక్క కాదు. మొదటి ఏడాది ప్రాక్టీసులో ఇది తలకెక్కకపోతే ప్రాణాలు పోతాయి. కుక్కకు మొదటిసారి రక్తం ఎక్కించేటప్పుడు గ్రూపు సరిపోకపోయినా తీవ్రమైన ప్రమాదం జరగడం అరుదు. పిల్లికి పుట్టుకతోనే ఎదుటి గ్రూపుకు వ్యతిరేకమైన ప్రతిరక్షకాలు ఉంటాయి కాబట్టి 'బి' (B) గ్రూపు పిల్లికి 'ఎ' (A) గ్రూపు రక్తం కొద్దిగా ఎక్కినా చనిపోవచ్చు. జ్వరంగా ఉన్నదని ఇంట్లోవారు ప్రేమతో వేసిన పారాసిటమాల్ మాత్ర ఒక్కటే పిల్లిని చంపడానికి చాలు. నాలుక నీలం తిరిగి, ముఖం వాచి వచ్చిన పిల్లిని చూసి 'ఏమైనా మాత్ర వేశారా' అని అడిగితే మొదట లేదనే అంటారు. రెండోసారి, గొంతు పెంచకుండా, తప్పు పట్టడం లేదని వారికి అనిపించేలా అడగాలి. అప్పుడు చెబుతారు.

మగపిల్లుల్లో మూత్రం బిగుసుకుపోవడం మరొకటి. 'మలబద్ధకం, ఇసుకపెట్టెలో కూర్చుని ముక్కుతోంది' అని ఫోనులో చెబుతారు. ఆ మాట వినగానే ఎన్ని పనులున్నా వదిలి వెంటనే తీసుకురమ్మనాలి. మూత్రం ఒకటి రెండు రోజులు పూర్తిగా ఆగితే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోతుంది.

పిల్లి తన నొప్పిని దాచుకుంటుంది. మాంట్రియల్ విశ్వవిద్యాలయం వారు 2019లో ప్రకటించిన ముఖకవళికల కొలమానంలో చెవుల తీరు, కళ్లు ముడుచుకోవడం, మూతి బిగింపు, మీసాల దిశ, తల ఉంచిన ఎత్తు అనే ఐదింటికి మార్కులు వేసి నొప్పిని అంచనా కడతారు. నేను దానిని ఒక కాగితం మీద ముద్రించి బోనుల గదిలో అతికించాను. మా సహాయకురాలు ఇప్పుడు నాకంటే చురుగ్గా మార్కులు వేస్తుంది. ఆసక్తి ఎలా నిలుస్తుంది అన్నదానికి నా సమాధానం పిల్లి ముఖమే.

ఇంకొక మాట. ఈ వృత్తిలోకి అమ్మాయిలు బాగా వస్తున్నారు, కాని గది మధ్యలో స్టెతస్కోపు వేసుకుని నిలబడిన నన్నే 'డాక్టరు గారు లేరా అమ్మా' అని అడిగేవారు ఇంకా ఉన్నారు. శిక్షార్థి అబ్బాయో అమ్మాయో నాకు తెలియదు. అమ్మాయి అయితే దీనికి సిద్ధపడి రావడం మంచిది.

శిక్షార్థి_గన్నవరం:

అమ్మాయినే మేడమ్. ఇంటర్న్‌షిప్ కూడా మొదలుకాకముందే ఆ ప్రశ్న నాకు రెండు మూడుసార్లు ఎదురయ్యింది.

సైనిక్‌పురి_క్లినిక్:

క్షమించాలి చెల్లెమ్మా, పైన తమ్ముడూ అని సంబోధించాను.

మన్యం_వీఏఎస్:

నేను పార్వతీపురం వైపు ప్రభుత్వ పశువైద్యశాలలో పనిచేస్తున్నాను. చర్చ అంతా నగరాల చుట్టూ తిరుగుతున్నది కాబట్టి మా వైపు సంగతి కూడా వినండి. ఉదయం ఓపీలో మేకలు, గొర్రెలు, ఆవులు, మధ్యాహ్నం టీకాల కార్యక్రమం, రాత్రి దూడ అడ్డం తిరిగిందని ఎవరో ఒకరి ఫోను. వీటి మధ్య ఇప్పుడు మండల కేంద్రంలో కూడా పామరేనియన్లు, లాబ్రడార్లు, ఒకటి రెండు పర్షియన్ పిల్లులు వస్తున్నాయి. 'ప్రభుత్వ ఉద్యోగమా, కుక్కల వైద్యమా' అని రెంటినీ వేరుచేసి చూడనవసరం లేదు. ఉద్యోగంలో ఉన్నా కుక్కలు నీ దగ్గరికి వస్తాయి. అయితే నీ దగ్గర స్కానింగు యంత్రం ఉండదు, మత్తు ఇచ్చేటప్పుడు పక్కన చూసేవారు ఉండరు.

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన విషయం రేబిస్. పాఠ్యపుస్తకంలో ఉన్న బొమ్మ చూసి వెర్రికుక్క అంటే నురగలు కక్కుతూ కరవడానికి వచ్చేదని అనుకుంటాం. మూగ రేబిస్ వచ్చిన కుక్క అలా ఉండదు. కింది దవడ వేలాడేసి, మింగలేక చొంగ కారుస్తూ, మూల కూర్చుంటుంది. ఇంటివారు 'గొంతులో ఎముక ఇరుక్కుంది, తీయండి సార్' అని తెస్తారు. అప్పటికే ఇంట్లో ఇద్దరు ముగ్గురు దాని నోట్లో చెయ్యి పెట్టి వెతికి ఉంటారు. గొంతులో ఎముక అన్న మాట వినబడితే ముందు చేతులు వెనక్కి తీసుకుని, టీకా ఎప్పుడు వేయించారో, ఈ మధ్య వేరే కుక్క కరిచిందా అని అడగాలి. ఆ తరువాత నోట్లో చెయ్యి పెట్టిన ప్రతి మనిషినీ ఆసుపత్రికి పంపించడం కూడా మన పనే. అది చికిత్స కంటే పెద్ద పని. ఆ కుక్కకు చేయగలిగింది ఏమీ ఉండదు, ఆ మనుషులకు ఉంటుంది.

జూలై 6న ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం సందర్భంగా మా ఆసుపత్రిలో ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తాం. లూయీ పాశ్చర్ 1885లో అదే రోజున జోసెఫ్ మీస్టర్ అనే బాలుడికి మొదటిసారి ఆ టీకా ఇచ్చాడు. ఆ రోజున మాత్రం మా ఆసుపత్రి ముందు కుక్కల వరస గేదెల వరస కంటే పొడవుగా ఉంటుంది. చిన్నపిల్లలు తాళ్లతో, చీర అంచులతో కట్టి తీసుకువస్తారు.

డల్లాస్_తెలుగువెట్:

నేను తిరుపతి కళాశాల పూర్వ విద్యార్థిని, ప్రస్తుతం అమెరికాలో చిన్న జంతువుల వైద్యం చేస్తున్నాను. ఇక్కడికి రావాలన్న ఆలోచన ఉంటే ఒక విషయం ముందే తెలుసుకోవాలి. మన డిగ్రీతో వచ్చినవారు ఈసీఎఫ్‌వీజీ (విదేశాల్లో చదివిన పశువైద్యుల అర్హతను పరీక్షించే కార్యక్రమం) దారిలో వెళితే చివర మూడు రోజుల ప్రయోగ పరీక్ష ఉంటుంది. అందులో మత్తు, శస్త్రచికిత్స, రేడియాలజీ, చిన్న జంతువుల వైద్యం, గుర్రాలు, ఆహార పశువులు, శవపరీక్ష అని ఏడు విభాగాలు. జీవితాంతం పిల్లులను మాత్రమే చూడబోయేవారు కూడా గుర్రం కాలు ఎత్తి చూపాలి, ఆవును పరీక్షించాలి. కాబట్టి కళాశాలలో 'నాకు కుక్కలే కావాలి' అని గేదెల వార్డు తప్పించుకోవద్దు. ఎన్‌ఏవీఎల్‌ఈ అనే లైసెన్సు పరీక్ష దీనికి అదనం. ఖర్చు చాలా ఎక్కువ, కొన్నేళ్లు పడుతుంది.

ఇక్కడి రోజు మీ రోజుకు భిన్నం. రక్తం తీయడం, సెలైన్ పెట్టడం, మత్తులో ఉన్న జంతువును గమనించడం లైసెన్సు ఉన్న టెక్నీషియన్లే చేస్తారు. రోగనిర్ధారణ, మందు రాయడం, శస్త్రచికిత్స వైద్యుడివి. క్లినిక్‌లు చాలావరకు పెద్ద సంస్థల చేతిలోకి పోతున్నాయి. చాక్లెట్లు తయారుచేసే మార్స్ సంస్థే బ్యాన్‌ఫీల్డ్, వీసీఏ అనే పెద్ద క్లినిక్‌ల సంస్థల్లో మొదటిదాన్ని 2007లో, రెండోదాన్ని 2017లో తన చేతిలోకి తీసుకున్నది. చాక్లెట్ తిన్న కుక్కకు వాంతి చేయించేటప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తుకు వస్తుంది.

చీకటి వైపు కూడా చెప్పాలి. అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ పరిశోధకులు 1979 నుంచి 2015 వరకు మరణ నమోదులను పరిశీలించి 2019లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, సాధారణ జనంతో పోల్చినప్పుడు పశువైద్యుల్లో ఆత్మహత్య మరణాలు పురుషుల్లో 2.1 రెట్లు, స్త్రీలలో 3.5 రెట్లు ఎక్కువ. చదువు అప్పులు, తీరిక లేకపోవడం, యజమానులు ఆన్‌లైన్‌లో రాసే దూషణలు, డబ్బు లేక ఆపవలసి వచ్చిన చికిత్సలు అని ఇక్కడివారు కారణాలు చెప్పుకుంటారు. 2014లో 'నాట్ వన్ మోర్ వెట్' పేరుతో పశువైద్యులే ఒకరికొకరు తోడుగా ఒక సమూహం ఏర్పాటు చేసుకున్నారు. మన వైపు దీని గురించి ఎవరూ మాట్లాడరు. మనసు బాగోలేదంటే 'కుక్కలకు మందు వేయడానికి ఇంత ఒత్తిడా' అంటారన్న భయం కావచ్చు. చెల్లెమ్మా, మాట్లాడుకోవడానికి ఇద్దరు సహాధ్యాయులను దగ్గర ఉంచుకో. అలసట పెరిగి నిద్ర పట్టకపోతే వైద్యుడిని కలవడానికి వెనుకాడకు.

బ్రూనో_ఇంటివారు:

ఇవన్నీ చదివిన తరువాత నా ప్రశ్న కొంచెం చిన్నబోయింది. అయినా ఇంకొకటి అడుగుతాను. బ్రూనోకు పదకొండేళ్లు నిండాయి. చివరి దశ వచ్చినప్పుడు ఇంజెక్షన్ ఇచ్చి పంపించే విషయం డాక్టరే ముందు ఎత్తుతారా, మేమే అడగాలా?

డల్లాస్_తెలుగువెట్:

ఇక్కడ చాలామంది యజమానులు తామే అడుగుతారు. నిర్ణయించుకోలేనివారికి అలిస్ విల్లలోబోస్ అనే క్యాన్సర్ పశువైద్యురాలు రూపొందించిన కొలమానం ఇస్తాం. నొప్పి, ఆకలి, నీరు, శుభ్రత, ఆనందం, నడక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువగా ఉన్నాయా అన్నవి ఏడు అంశాలు. ఒక్కొక్కదానికి 10లోపు మార్కులు వేసి, మొత్తం 35 దాటితే ఇంకా కొనసాగించవచ్చని చెబుతాం.

సైనిక్‌పురి_క్లినిక్:

నేను ఆ మాట ముందుగా ఎత్తను. 'పాపం తగులుతుందేమో' అని భయపడేవారు, 'మీరే చెప్పండి సార్, మీరు ఏదంటే అదే' అని భారమంతా మనమీద పెట్టేవారు, కుటుంబంలో ఒకరు ఒప్పుకుని మరొకరు ఒప్పుకోనివారు ఉంటారు. నేను పరిస్థితి చెప్పి, ఇంట్లో ఎదురయ్యే ఇబ్బందులు చెప్పి ఊరుకుంటాను.

మార్జాల_వైద్యురాలు_విశాఖ:

ఇందులో నేను సార్‌తో ఏకీభవించను. ఏ ఆశా లేదని మనకు తెలిసినప్పుడు ఊరుకోవడం తటస్థంగా ఉండడం కాదు. ఆ ఇంటివారు ఎవరైనా ఆ మాట అనాలని ఎదురుచూస్తూ ఉంటారు, తాము అనలేరు. మూత్రపిండాలు పూర్తిగా పోయిన పిల్లి విషయంలో 'మా ఇంట్లో పిల్లి అయితే నేను ఇలా చేసేదాన్ని' అని స్పష్టంగా చెబుతాను. చెప్పిన తరువాత నిర్ణయానికి ఒక రోజు గడువు ఇస్తాను, ఆ రోజుకు నొప్పి మందు ఇచ్చి పంపిస్తాను. ఇప్పటిదాకా అలా చెప్పినందుకు నామీద కోపం తెచ్చుకున్నవారు తక్కువ. 'ముందే ఎందుకు చెప్పలేదు' అని బాధపడినవారే ఎక్కువ.

బ్రూనో ఇంటివారూ, మీరే ముందు అడగండి. ఏ డాక్టరూ తప్పుగా అనుకోరు.

రక్తపుచుక్క_తిరుపతి:

ఇద్దరి పద్ధతీ నేను చూశాను. విశాఖ వైద్యురాలి పద్ధతికే నా ఓటు. విద్యార్థులకు మేము పాఠం చెప్పేటప్పుడు మందు మోతాదు చెప్పేవాళ్లం గాని ఆ మాట ఎలా అనాలో ఎప్పుడూ చెప్పలేదు. అది సిలబస్‌లో లేదు.

శిక్షార్థి_గన్నవరం:

ఇంత వివరంగా రాసిన అందరికీ ధన్యవాదాలు. ఎంవీఎస్సీకి (పశువైద్యంలో పీజీకి) వెళితే మెడిసిన్ తీసుకోవాలా, సర్జరీ తీసుకోవాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు గాని, రంగం విషయంలో మనసు కుదుటపడింది. ఇంటర్న్‌షిప్‌కు ముందు తప్పనిసరిగా చేయవలసిన పని ఒకటి చెప్పమంటే ఏది చెబుతారు?

సైనిక్‌పురి_క్లినిక్:

మెడిసిన్, సర్జరీ సంగతి ఇప్పుడే తేల్చుకోనవసరం లేదు. ఇంటర్న్‌షిప్‌లో కళాశాల క్లినిక్ ఓపీలో నిలబడి, కేసు సీనియర్ చేతికి వెళ్లకముందే యజమానితో మాట్లాడే అవకాశం అడిగి తీసుకో. రాత్రి ఎమర్జెన్సీ డ్యూటీలు మిగతావారు వద్దంటే నువ్వు తీసుకో.

మన్యం_వీఏఎస్:

రేబిస్ ముందస్తు టీకా, మరో మాట లేదు. కరవకముందే వేసుకునే ఈ టీకాను మన దేశంలో మూడు మోతాదులుగా, మొదటి రోజును సున్నాగా లెక్కిస్తే ఆ రోజున, 7వ రోజున, 21 లేదా 28వ రోజున ఇస్తారు. కాబట్టి ఇంటర్న్‌షిప్ మొదలయ్యేనాటికి పూర్తి కావాలంటే కనీసం నెల ముందు మొదలుపెట్టాలి. వేసుకున్నాను కదా అని తరువాత కరిస్తే ఊరుకోకూడదు. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజున ఒకటి, 3వ రోజున ఒకటి చొప్పున మళ్లీ రెండు మోతాదులు వేయించుకోవాలి. ముందస్తు టీకా పూర్తయినవారికి ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాల ఇంజెక్షన్) అవసరం ఉండదు. అందుకని టీకా వేసిన తేదీలు రాసిన కార్డును ఫోటో తీసి ఫోనులో పెట్టుకోండి; కరిచిన రోజు ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగేది దానినే.